గోడలు లేని మరుగుదొడ్లు

ఒక అవ్వ దుప్పటి కప్పుకుని మరుగుదొడ్డి మీద కూర్చునేది. ఆ దొడ్డికి గోడల్లేవు. తలుపు లేదు. పైకప్పు లేదు. దారిన పోయేవాళ్లు పోతూనే ఉంటారు. ఆవిడకు ఆ దుప్పటి ఒక్కటే చాటు.

ఇది కట్టుకథ కాదు. దక్షిణాఫ్రికాలో జరిగింది. గాంధీగారు లాయరుగా పనిచేసిన దేశం అది. అక్కడ నల్లవాళ్లందరికీ ఓటు వచ్చింది 1994లోనే. ఆ దేశంలో కేప్‌టౌన్ అనే పెద్ద పట్నం ఉంది. వెనక తెల్లవాళ్ల ప్రభుత్వం ఉన్నప్పుడు, పట్నానికి దూరంగా నల్లవాళ్ల కోసం ఒక వాడ పెట్టారు. దాని పేరు ఖయెలిట్షా. అంటే వాళ్ల భాషలో ‘కొత్త ఇల్లు’ అని. పేరుకేం, బాగానే ఉంది. ఆ వాడలో ఒక పేట మఖాజా.

ప్రభుత్వం లెక్కలో అయిదిళ్లకు ఒక దొడ్డి. కార్పొరేషన్ వాళ్లు 2007లో ఒక మాట చెప్పారు. “అదే డబ్బుతో ఇంటికొక దొడ్డి పెడతాం. గోడలు మాత్రం మీరే కట్టుకోవాలి.” ఆ మీటింగుకు వచ్చింది 60 మంది. వాళ్లు సరేనన్నారని కార్పొరేషన్ అంది. పెట్టిన దొడ్లు మాత్రం 1,316! మిగతావాళ్లను ఎవరడిగారు?

చేతిలో డబ్బున్నవాళ్లు చుట్టూ రేకులో చెక్కలో కట్టుకున్నారు. 51 దొడ్లు అట్లాగే బయట ఉండిపోయాయి. కూలి దొరికితేనే పొయ్యి వెలిగే ఇంట్లో రేకులు ఎవరు కొంటారు? చీకట్లో వెళ్లాలంటే ఆడవాళ్లకు భయం. పగలు వెళ్లాలంటే సిగ్గు.

2010లో జనం రోడ్డెక్కారు. టైర్లు కాల్చారు. కార్పొరేషన్ వాళ్లు వచ్చి రేకులు కట్టబోయారు. “రేకులొద్దు, గట్టి గోడలు కావాలి” అంటూ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ పార్టీ కుర్రాళ్లు వాటిని పీకేశారు. దాంతో కార్పొరేషన్ దొడ్లనే ఊడదీసుకుపోయింది. ఇద్దరి పంతం మధ్యా నలిగింది ఆ ఇళ్ల ఆడవాళ్లే.

2011 మే 18న మున్సిపల్ ఎన్నికలు. కేప్‌టౌన్‌లో అధికారం డెమోక్రటిక్ అలయన్స్ పార్టీది. దేశంలో అధికారం మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ది. “చూడండి వీళ్ల పాలన” అని కాంగ్రెస్ వాళ్లు ఊరూరా చెప్పారు. ఇంతలో వాళ్ల ఏలుబడిలోనే రమ్ములొట్సీ అనే ఇంకో పేటలో గోడల్లేని దొడ్లు బయటపడ్డాయి. ఎన్ని? దాదాపు 1,600. ఏళ్ల తరబడి అట్లాగే ఉన్నాయి. అప్పటికి మాట్లాడే నోళ్లన్నీ తడబడ్డాయి. పత్రికలు దీన్ని ‘మరుగుదొడ్ల ఎన్నిక’ అన్నాయి.

మఖాజా వాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు. ఎన్నికలు 19 రోజులున్నాయనగా, ఏప్రిల్ 29న జడ్జి ఎరాస్మస్ తీర్పు చెప్పారు. మనిషి మర్యాదగా బతకడం వాళ్ల రాజ్యాంగం ఇచ్చిన హక్కు. గోడల్లేని దొడ్డి ఆ హక్కును తీసేస్తుంది. కనుక ఆ 1,316 దొడ్లకూ కార్పొరేషనే గోడలు కట్టాలి.

మరి ఆ 60 మంది ఒప్పుకున్నారన్న మాట? అది చెల్లదన్నారు. జనం ఒప్పుకున్నారని చెప్పాలంటే, జనం పంపిన మనుషులు ఆ మీటింగులో ఉండాలి. మీటింగు సంగతి ముందే తెలియజేయాలి, వాళ్లు ఇంటింటా అడిగి వచ్చేందుకు వీలుండాలి. మన ఊళ్లో గ్రామసభకు ముందు దండోరా వేస్తారే, అది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అసలు సంగతి జనానికి అర్థమయ్యేటట్టు విడమరచి చెప్పాలి. అవసరమైతే తెలిసినవాళ్ల సాయం ఇప్పించాలి. మీటింగులో అనుకున్నది అక్కడే పుస్తకంలో రాయాలి, రాసింది అందరికీ తెలియజేయాలి. పుస్తకంలో ఏం రాశారో చదివి చూసుకునేవాళ్లు పేటలో నలుగురున్నా చాలు, “మీరే సరేనన్నారు” అని తరవాత ఎవరూ అనలేరు.

మే 18న ఓట్లు పడ్డాయి. కేప్‌టౌన్‌లో డెమోక్రటిక్ అలయన్స్ మళ్లీ గెలిచింది. రమ్ములొట్సీ వైపు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మళ్లీ గెలిచింది.