పైయింటి నేల, క్రిందియింటి కప్పు

ఇంగ్లండు దేశపు నగరములలో పూర్వపు పెద్ద యిండ్లను అంతస్తులుగా విభజించి, వేర్వేరు కుటుంబములకు నివాసములుగా మార్చుట కలదు. పైవారికి నేలయైనది క్రిందివారికి కప్పు. ఆ చెక్కనేలగుండ మాటలును అడుగుల చప్పుడును దిగివచ్చినచో, క్రింద నున్న రోగికిగాని పసిబిడ్డకుగాని నిద్ర యెక్కడిది? అందువలన 2003 సంవత్సరమునుండి అచ్చటి గృహనిర్మాణ నిబంధనలలో 'ఇ' భాగపు పత్రము, ఇట్లు మార్చిన యిండ్ల నడుమ గాలిద్వారా వచ్చు ధ్వని కనీసము 43 డెసిబెలులు తగ్గవలెననియు, తాకిడివలని ధ్వని 64 డెసిబెలులకు మించరాదనియు తెలుపుచున్నది. ఈ రెండవదానికై ఐదు ఉక్కుసుత్తులుగల యంత్రముచే పైనేలను కొట్టించి, క్రిందిగదిలో మ్రోతను కొలుతురు.

ఒకనాడు మేము తరగతిలో గడియారమును బల్లపై నొక కొన నుంచి, రెండవ కొనను విద్యార్థులచేత చెవి యానింపజేసితిమి. గాలిలో వినబడని టిక్కుటిక్కు కఱ్ఱలో స్పష్టముగ వినబడెను. అడుగుల చప్పుడును అట్లే దూలములవెంట దిగును. కావున క్రొత్తకప్పును నేరుగా దూలములకు బిగించిన ఫలము స్వల్పము. దూలముల నడుమ ఖనిజపు ఉన్ని నింపి, వాని క్రింద స్ప్రింగువలె వంగు పలుచని లోహపుపట్టీలు కట్టి, ఆ పట్టీలకు మాత్రమే జిప్సముపలకలను రెండు వరుసలుగా, అతుకుపై అతుకు రాకుండ, బిగింతురు. ఒక్క మర పట్టీని దాటి దూలమున దిగెనా, అచ్చట ధ్వనికి వంతెన కట్టినట్లే! ఉన్ని యొక్కటే చాలునని తలచువారు కలరు, అది పొరపాటు. ఉన్ని నడిమి మ్రోతను పీల్చునేకాని, బరువైన పలకలు లేనిదే మాటల ధ్వని యాగదు. గోడయంచుల సందులను, దీపపుతీగకై తొలిచిన రంధ్రమును సైతము పూడ్చవలెను.

ఇంతచేసినను, అడుగుల చప్పుడునకు పైనేలమీదనే మెత్తని పొర పఱచుట మేలని మా యభిప్రాయము. అందులకు పైవారి సమ్మతి కావలెను.