బండ నెర్రెల్లో నీళ్ళు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఈ మాట తరచు వింటాం.

"మా బోరుల రెండు ఇంచుల నీళ్ళు పడ్డయి. పక్క చేనోళ్ళ బోరుల దుమ్మే లేచింది."

ఒకరికి జల పడ్డది. ఇంకొకరి పుస్తెలతాడు కుదువ పడ్డది. ఎందుకిట్ల? ఇది తలరాత కాదు. నేల కింది బండ సంగతి.

మన కాళ్ళ కింద మొదట మట్టి. దాని కింద మొరం. ఆ కింద గట్టి బండ. ఈ బండ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఇది ఇసుక లాగా నీళ్ళు పీల్చుకోదు. నీళ్ళు దాని నెర్రెల్లోనే ఉంటాయి. బోరుకు నెర్రె తగలాలి. తగలకపోతే దుమ్మే.

నెర్రె తగిలినా చాలదు. సందు ఎంత ఉందో చూడాలి. సందు సగమైతే నీళ్ళు సగం వస్తాయి అనుకుంటాం. కాదు. మిగతావన్నీ ఒక్క తీరుగా ఉంటే, ఎనిమిదో వంతే వస్తాయి. పెద్ద నెర్రెతో 8 బిందెలు నిండేసరికి, సగం నెర్రెతో ఒక్క బిందె నిండుతుంది. రాయిని రాసుకుంటూ పోయే నీళ్ళు మెల్లగా కదులుతాయి. సన్న సందులో నీళ్ళన్నీ రాయికి దగ్గరే కదా!

ఇంకో సంగతి. నెర్రె గోడలు నున్నగా ఉండవు. మన ఇసుర్రాయి చూడండి. రెండు రాళ్ళూ గరుకు. మీది రాయి కొన్ని చోట్ల ఆనుతుంది. కొన్ని చోట్ల సందు ఉంటుంది. నెర్రె కూడా అంతే. రాళ్ళు ఆనిన చోట నీళ్ళు పోవు. చుట్టు తిరిగి, సందు ఎక్కువున్న బాటనే పారుతాయి. బోరు ఆ బాటకు తగలాలి. కొంచెం పక్కకు పోయినా తప్పిపోవచ్చు.

"ఇంకా లోతుకు పోతే పడ్తయి" అంటారు. పడవచ్చు. కానీ లోతుకు పోయిన కొద్దీ, పై బరువుకు నెర్రెలు బిగుసుకుంటాయి. ఖర్చు మాత్రం అడుగు అడుగుకూ పెరుగుతుంది.

నెర్రెల్లోకి నీళ్ళు ఎక్కడివి? వానవి, చెరువువి. మట్టి, మొరం దాటి కిందికి దిగుతాయి. దిగేది తక్కువ, తోడేది ఎక్కువ అయితే మంచి బోరు కూడా ఎండుతుంది. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పని మన సదాశివనగర్ పాత చెరువు దగ్గరే మొదలైంది. అది 2015 మార్చి 12. చెరువులో నీళ్ళు నిలిస్తే చుట్టుపక్కల బోర్లకు ఊట పెరుగుతుంది.

అక్కలారా! ఇంకో బోరుకు బంగారం కుదువ పెట్టే ముందు ఆగండి. అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే జల ఉన్నట్టు కాదు. భూగర్భ జల శాఖ వారిని అడిగి నేల పరీక్ష చేయించండి. అదీ అంచనాయే, పూచీ కాదు. అయినా గుడ్డిగా తవ్వడం కన్నా నయం.

మాట్లాడుకుందాం

1. మన ఊళ్ళో ఎన్ని బోర్లు ఎండినయి? అప్పు ఎవరు కడుతున్నరు?
2. మన చెరువు పూడిక తీసి ఎన్నేళ్ళయింది?
3. ఉన్న నీళ్ళకు ఎన్ని ఎకరాల వరి వెయ్యవచ్చు?