‘మాకు ఈఎస్ఐ వర్తించదు’ అన్నప్పుడు అడగాల్సిన కాగితం

“మన కంపెనీకి ఈఎస్ఐ లేదప్పా, మినహాయింపు ఉంది” అని మేనేజరు అంటే సదుం, పుంగనూరు వైపు కుర్రాళ్లు సరేనని తలూపి వచ్చేస్తారు. జీతంలో కోత తప్పిందని కొందరికి సంతోషం కూడా. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది నోటిమాటతో తేలే సంగతి కాదు.

ముందు లెక్క చూద్దాం. పదిమంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలో, షాపులో నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న వాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కట్టాలి. కాంట్రాక్టరు తెచ్చిన మనిషీ ఈ పదిమందిలోకి వస్తాడు. 15,000 జీతమైతే మీ వాటా ముప్పావు శాతం, అంటే 113 రూపాయలు. యజమాని వాటా మూడుంబావు శాతం, 488 రూపాయలు. మినహాయింపుతో ఎక్కువ మిగిలేది ఎవరికో ఇక్కడే తెలుస్తోంది.

చట్టమే వదిలేసినవి కొన్ని ఉన్నాయి. సింగరేణి లాంటి బొగ్గు గనులు 1948 ఈఎస్ఐ చట్టం చెప్పిన ఫ్యాక్టరీ కిందికి వచ్చేవి కావు. మన దగ్గర ముఖ్యమైంది సీజన్ ఫ్యాక్టరీ. చెనిక్కాయలు వలిచే మిల్లు, బెల్లం తయారీ చట్టంలోని సీజన్ ఫ్యాక్టరీల జాబితాలో పేరుపెట్టి ఉన్నాయి. అయితే ఆ పనికే పరిమితమైన ఫ్యాక్టరీ అయి ఉండాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కూడా నాలుగు నెలలే ఆడుతుంది కదా అంటారు. గుజ్జు పేరు ఆ జాబితాలో లేదు. అలాంటి పనులకు కేంద్రం విడిగా నోటిఫై చేయాలి, ఫ్యాక్టరీ ఆడేది ఏడాదికి ఏడు నెలలు దాటకూడదు. కాబట్టి సీజన్ అని చెప్పి తప్పించుకుంటుంటే, ఏ నోటిఫికేషన్ కింద అని అడగండి.

రెండోది యజమాని అడిగి తెచ్చుకునే మినహాయింపు. 1948 చట్టంలో ఇది 87వ సెక్షను. ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ చట్టం కింద ఒక్కసారికి ఏడాదికి మించేది కాదు, మళ్లీ కావాలంటే గడువుకు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. ‘అప్లై చేశాం, వస్తుంది’ అన్నంత మాత్రాన కట్టడం ఆపకూడదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి, మీకు చూపే కాగితం ఏ చట్టం కిందిదో, ఎప్పటిదాకా చెల్లుతుందో రెండూ చదవండి.

అసలు షరతు మాత్రం ఒక్కటే: ఈఎస్ఐ ఇచ్చే మేలుకు సమానంగానో అంతకు మించో కంపెనీయే ఇస్తుండాలి. దాన్నే చాలామంది పట్టించుకోరు. ‘రెండు లక్షల మెడిక్లెయిమ్ కార్డు ఇచ్చాం కదా’ అంటారు. ఆ కార్డు ఆస్పత్రి బిల్లు కడుతుంది. జ్వరమొచ్చి నెలరోజులు మంచం పడితే కూలి ఎవరిస్తారు? ఈఎస్ఐ అయితే, కట్టిన రోజుల షరతు నెరవేరితే, సగటు కూలిలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తుంది. సగటు 500 అయితే 31,850 రూపాయల వరకు. మిషన్లో వేలు నలిగితే 90 శాతం, నయమయ్యే దాకా. అందుకు ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న నియమం లేదు, చేరిన తొలిరోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి పెన్షన్ ఉంది. ప్రసూతికి 26 వారాలు పూర్తి జీతం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన కంపెనీ ఏమిస్తుందో రాయించుకోండి. ఆరోగ్యశ్రీ ఉందిలే అనే మాట ఇక్కడ పనికిరాదు, అది కంపెనీ ఇచ్చేది కాదు.

ఇటు పక్క మాట కూడా చెప్పాలి. సదుం మనిషికి ఈఎస్ఐ ఆస్పత్రి అంటే తిరుపతి బస్సెక్కడమే, ఒకరోజు కూలి పోవడమే. ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లో చూపించే పాలసీ మేలని ఎవరైనా అంటే తప్పు పట్టలేను. కానీ అది వైద్యం వరకే. కూలి, పెన్షన్ కలిపి చూస్తే మామూలు గ్రూపు పాలసీ ఈఎస్ఐకి సాటిరాదన్నదే నా మాట.

మినహాయింపు నిజంగా వచ్చిందనుకోండి. మామూలుగా ఆ నోటిఫికేషన్లలో పెట్టే షరతులివి: మినహాయించిన కార్మికుల పేర్లతో కంపెనీ రిజిస్టరు ఉంచాలి, అంతకుముందు కట్టిన చందాతో వచ్చిన హక్కులు కార్మికుడికి పోవు. మీ పేరు ఆ రిజిస్టర్లో ఉందేమో చూపించమనండి. కాంట్రాక్టు మనుషుల పేర్లు అందులో లేకపోతే, మినహాయింపు వాళ్లకూ వర్తిస్తుందా అని అడగండి.

ఇక పేస్లిప్‌లో ఈఎస్ఐ అని కోస్తూ, ‘మనకు మినహాయింపు’ అంటుంటే అది తేలిగ్గా వదిలే విషయం కాదు. కోసిన డబ్బు ఈఎస్ఐ కార్పొరేషన్‌కు చేరకపోతే నేరం. యజమాని తన వాటాను మీ జీతంలో కోయడమూ నేరమే. పేస్లిప్పులు దాచుకోండి, ఇన్సూరెన్స్ నంబరు అడగండి. ఇవ్వకపోతే 1800-11-2526కు ఫోన్ చేయండి, అది టోల్ ఫ్రీ.