మొక్కల విషమునుండి కలుపుమందు

విద్యార్థులారా! కలుపుతీత యెంత శ్రమతో కూడిన పనియో పల్లెలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. అయితే మొక్కలలో కొన్ని తామే కలుపును అణచునని యెందఱెఱుగుదురు? అవి తమ ఆకులనుండియో వేళ్లనుండియో విషపదార్థములను నేలలోనికి విడిచి, పొరుగుమొక్కలను ఎదుగనీయవు. మన జొన్న వేళ్లనుండి స్రవించు సోర్గోలియోన్ అట్టిదే. ఇట్టి విషము రైతునకు మందుగా మారిన విధమును ఒక దృష్టాంతముతో తెలిసికొందము.

ఆస్ట్రేలియా దేశపు బాటిల్‌బ్రష్ మొక్కను మన తోటలలోను పెంచుదురు. దాని ఎఱ్ఱని పూగుత్తులు సీసాలు కడుగు కుంచెను పోలియుండును. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాఫర్ అను రసాయనసంస్థకు చెందిన శాస్త్రజ్ఞుడొకడు ఈ మొక్కల క్రింద కలుపు మిక్కిలి తక్కువగా నుండుట గమనించెను. పరిశోధింపగా లెప్టోస్పెర్మోన్ అను పదార్థము బయటపడెను. అది తగిలిన లేతమొక్కలు తెల్లబాఱిపోయెను.

తెల్లబాఱుటకు కారణమేమి? ఆకులోని పత్రహరితమును తీవ్రమైన యెండనుండి కాపాడునవి కెరోటినాయిడ్లు అను పసుపువన్నె పదార్థములు. వాని తయారీకి అవసరమైన ఒక ఎంజైమును ఈ విషము అడ్డగించును. అంతట కాపుదల లేని పత్రహరితము నశించును. మొక్కను పోషించు వెలుగే దానికి శత్రువగును!

అయినను లెప్టోస్పెర్మోన్ బలము పొలమునకు చాలినది కాదు. కావున రసాయనశాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును పోలిన పదార్థములను అనేకము తయారుచేసి పరీక్షించిరి. వానిలో మెసోట్రియోన్ అనునది 2001లో మొక్కజొన్న రైతుల చేతికి వచ్చెను. పైరుపై చల్లుటకు ఎకరమునకు సుమారు 40 మొదలు 60 గ్రాముల మూలపదార్థము చాలును. మొక్కజొన్న ఆ మందును తనలో త్వరగా విఱిచివేసికొనును. పెక్కు కలుపుమొక్కలకు ఆ శక్తి లేదు. పైరు నిలిచి కలుపు చచ్చుటలోని రహస్య మిదియే.

ఇంతటితో రైతు నిశ్చింతగా నుండవచ్చునా? ఉండరాదు. 2009లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున, మన తోటకూరకు దాయాదియగు వాటర్‌హెంప్ అను కలుపు ఈ జాతి మందులకు లొంగకుండుట కనబడెను. అదియు మొక్కజొన్నవలెనే మందును విఱిచివేయుచుండెను. ఒకే తరహా మందును ఏటేట చల్లినచో, తట్టుకొనగల కొలదిమొక్కలు బ్రదికి విత్తనము రాల్చును. క్రమముగా పొలమంతయు వాని సంతతియే నిండును.

కావున ఇందు గ్రహింపవలసిన నీతులు రెండు. మొక్కనుండి పుట్టినదని విషమును అలక్ష్యము చేయరాదు. దాని కొలతయు, జాగ్రత్తయు తప్పరాదు. మఱియు మందు రైతునకు తోడేగాని, పంటమార్పిడికిని గుంటకకును కలుపుతీతకును బదులు కాదు. ఇక మీరు తోటలో తిరుగునపుడు ఏ మొక్క క్రింద ఏది మొలచుచున్నదో, ఏది మొలవకున్నదో పరికింపుడు. పైన చెప్పిన పరిశోధన యంతయు అట్టి చూపుతోనే ఆరంభమైనది.