తెగింది ఎక్కడో ముందు చూడండి

కౌంటర్-స్ట్రైక్ 1.6 రోజుల్లో గుంటూరులో నెట్ సెంటర్ నడిపినవాణ్ని. కుర్రాళ్లు “అంకుల్, లాగ్ కొడుతోంది” అని అరిస్తే బల్లల కింద దూరి కేబుళ్లు లాగి చూడటమే నా ఉద్యోగం. ఇప్పుడు మనవడు వాలరెంట్ ఆడుతూ అదే మాట అంటున్నాడు. వాడికి అప్పుడప్పుడూ చెప్పినవే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. “నెట్ బాలేదు” అనొద్దు. ఆటలోకి అసలు వెళ్లలేకపోవడం ఒకటి. వెళ్లాక బొమ్మ ఆగి ఆగి ఎగరడం ఇంకొకటి. బాగా ఆడుతుండగా బయటికి గెంటేయడం మరొకటి. మొదటిదానికి ఫైర్‌వాల్, అప్‌డేట్ కాని ఆట, మూసిన సర్వర్ చూడాలి. రెండోదానికి సర్వర్ దాకా వెళ్లే దారి చూడాలి. మూడోదానికి రౌటర్ అడాప్టరూ లూజు పిన్నూ చూడాలి. ఇది తేల్చుకోకుండా విండోస్ మళ్లీ వేయించుకునేవాళ్లున్నారు, పాపం.

2. స్పీడ్ టెస్ట్ తెచ్చి చూపించొద్దు. 100 ఎంబీపీఎస్ ఉంటే ఉండనీ. ఆటకు కావలసిన డేటా సినిమాకు కావలసినదానిలో చిన్న ముక్క. సినిమా అయితే ముందే కొంత దాచుకుంటుంది, పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటుంది. షూటింగ్ ఆటల సమాచారం ఎక్కువగా యూడీపీ మీద వెళ్తుంది, అక్కడ పోయింది పోయినట్టే. అర సెకను ఆలస్యంగా వచ్చిన బుల్లెట్ ఎవరికి కావాలి? చూడాల్సింది పింగ్ ఎంత, అది నిలకడగా ఉందా, ప్యాకెట్లు పోతున్నాయా అని. నిలకడైన 70 మిల్లీసెకన్లతో హాయిగా ఆడొచ్చు. 20కీ 200కీ మధ్య ఊగే లైన్‌తో ఆడలేం.

ముందుకు పరిగెత్తినవాణ్ని ఎవరో వెనక్కి లాగినట్టు అవుతుందే, అదీ ఇందులోదే. 1996లో జాన్ కార్మాక్ మోడెమ్ మీద ఆడేవాళ్ల కోసం క్వేక్‌వరల్డ్ తయారుచేస్తూ, సర్వర్ జవాబు కోసం ఆగకుండా మీ అడుగును మీ కంప్యూటరే ఊహించి చూపించేలా చేశాడు. తర్వాత చాలా ఆటలు ఆ దారే పట్టాయి. ఊహ తప్పిన చోట సర్వర్ మాటే చెల్లుతుంది, మీరు వెనక్కి రావాల్సిందే.

3. దారిని ముక్కలు చేసి చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు కనిపిస్తుంది, చాలా ఇళ్లలో 192.168.1.1. ముందు దానికి పింగ్ కొట్టండి. పక్కగదిలోని రౌటరే 40, 90, టైమవుట్ అంటుంటే ముంబై సర్వర్‌ని తిట్టి లాభం లేదు. అక్కడ 1, 2 వస్తే అప్పుడు 8.8.8.8కి కొట్టి బయటి సంగతి చూడండి. మీ కంప్యూటర్ అడ్రసు 169.254తో మొదలైతే ఈ పింగులేవీ అక్కర్లేదు. రౌటర్ దానికి అడ్రసే ఇవ్వలేదు.

దారిలోని రౌటర్లను ఒక్కో వరసలో చూపించే ట్రేసర్ట్ కమాండ్‌లో మధ్య వరసలో నక్షత్రాలు వచ్చి, కింది వరసలు బాగుంటే కంగారుపడొద్దు. ఆ రౌటర్ మనకు జవాబివ్వట్లేదు గానీ ప్యాకెట్లను పంపిస్తూనే ఉంది.

4. వైఫై తీసి కేబుల్ పెట్టమని అందరూ చెబుతారు. ఆ కేబుల్‌ను ఎవరు క్రింప్ చేశారో ఎవరూ అడగరు. మా సెంటర్‌లో ఒక మూల మిషన్‌కి ఎప్పుడూ లాగే. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేవి. లాన్ కార్డు మార్చాం, స్విచ్‌లో పోర్టు మార్చాం, తేడా లేదు. చివరికి పిన్ను వెలుతురులో పెట్టి చూస్తే రంగులు చక్కగా జతలు జతలుగా కూర్చున్నాయి: నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమరంగు జత. చూడముచ్చటగా ఉంది, అదే తప్పు. 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్‌లో 1, 2 పిన్నులు ఒక జత, 3, 6 ఒక జత. ఒక్కో జతలోని రెండు తీగలూ ఒకదానికొకటి మెలివేసి ఉంటేనే పక్క జత అలజడి అంటదు. ఇక్కడ మూడోది ఆకుపచ్చ జతది, ఆరోది నీలం జతది అయిపోయింది. రెండువైపులా ఒకే వరస కాబట్టి టెస్టర్ పాస్ చేసేసింది. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ అని మళ్లీ క్రింప్ చేస్తే లాగ్ పోయింది. ఇప్పటికీ మా ఇంటికి ఎవరు కేబుల్ తెచ్చినా ముందు పిన్ను చూస్తాను.

5. వైఫై తప్పదంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టుకుని రౌటర్ ఉన్న గదిలోనే ఆడండి. 2.4లో పక్క ఫ్లాట్లన్నీ ఉంటాయి, మైక్రోవేవ్ కూడా ఉంటుంది.

6. సాయంత్రం అమ్మ ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడితే మీ పింగ్ లేస్తుంది. అప్‌లోడ్ నిండితే రౌటర్ వచ్చినవన్నీ లోపల వరస కట్టిస్తుంది, ఆట ప్యాకెట్ ఆ వరస చివర నిలబడుతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ ఉంటే అప్‌లోడ్ హద్దును అసలుకన్నా కాస్త తక్కువ పెట్టండి. లేకపోతే అమ్మను బతిమాలుకోండి.

7. దూరాన్ని ఎవరూ రిపేరు చేయలేరు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు, అంటే తిన్నగా పోయినా రానూపోనూ 33 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి ఇంకా ఎక్కువే. డల్లాస్‌లో ఉన్న బావతో ఆడాలంటే ఇద్దరిలో ఒకరికి 200 దాటుతుంది. యూరప్ సర్వర్ ఎంచుకుంటే కష్టం చెరి సగం అవుతుంది.

8. మీ ఇంట్లోనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టి స్నేహితుల్ని పిలిస్తే వాళ్లు రాలేకపోతున్నారా? 25565 పోర్టు తెరిచాక కూడా రాకపోతే రౌటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలామందికి పంచుతోందన్నమాట. ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రారు. పబ్లిక్ ఐపీ అడగండి, లేదా స్నేహితులంతా ఒకే వీపీఎన్‌లో చేరండి.

9. కొన్నిసార్లు తప్పు సముద్రంలో ఉంటుంది. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్లు తెగితే మన దేశమంతా నెట్ నీరసించింది. అలాంటివి పేపర్లో వస్తాయి. పేపర్లో రానిది రాత్రి రద్దీ. పొద్దున ఆరింటికి ఒక ట్రేసర్ట్, రాత్రి తొమ్మిదింటికి ఒకటి తీసి దాచండి. కస్టమర్ కేర్‌లో “రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్” అంటే వాదించకుండా చేసేయండి. తర్వాత ఆ రెండూ పంపి, లైన్‌మన్‌ని రాత్రి తొమ్మిదికే రమ్మనండి. పగలొస్తే అంతా బాగానే కనిపిస్తుంది, టీ తాగి వెళ్లిపోతాడు.