భూగర్భోష్ణమును లెక్కించు విధము

భూమిలోనికి పోయినకొలది వేడిమి హెచ్చునని మనము తరగతిలో చదివియున్నాము. సాధారణముగా కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీలవరకు హెచ్చును. అగ్నిపర్వత ప్రదేశములందు కొలదిలోతుననే నీరు మరిగి, బుగ్గలుగా పైకి చిమ్ముచుండును. ఈ వేడిని మనుష్యు లెంతవరకు వాడుకొనవచ్చును? ఈ ప్రశ్ననే యిచ్చట విచారింతము.

న్యూజీలాండు దేశమున రొటోరువా యను పట్టణము గలదు. అచ్చటి చిమ్ముబుగ్గలలో పొహుటు మిక్కిలి ప్రసిద్ధము. మావొరీ జాతివారు తరతరములుగా నా బుగ్గలచెంత నివసించి, ఆ వేడితోనే వంట చేసికొనుచు, వానిని పూర్వు లొసగిన నిధిగా నెంచుచున్నారు. ఇరువదవ శతాబ్దమున పట్టణవాసులు ఇండ్లను వెచ్చజేసికొనుటకై వందలకొలది బోరుబావులు త్రవ్విరి. ఒక్కొక్క బావి తోడునది స్వల్పమే. కాని 1970 తరువాతి సంవత్సరములలో బుగ్గలు క్షీణింపజొచ్చెను. దోషము బావులదా, ప్రకృతిదా? ఊహతో తీర్పు చెప్పరాదు. కొలతయు లెక్కయు కావలెను.

భూగర్భమును కన్నులార చూడజాలము గనుక, శాస్త్రజ్ఞులును ఇంజనీర్లును కంప్యూటరునందు దాని నమూనాను నిర్మింతురు. శిలాప్రదేశమును అనేక ఖండములుగా భాగించి, ఒక్కొక్కదానికి ఉష్ణము, పీడనము, నీటిని పోనిచ్చు గుణము నిర్ణయింతురు. అడుగున రంధ్రములుగల రెండు కుండలలో ఒకదాన ఇసుకయు, మఱియొకదాన బంకమట్టియు నింపి నీరు పోసినచో, ఈ గుణభేదము బాలురకు సైతము తెలియును. ఇట్టి ప్రవాహమునకు నియమమును హెన్రీ డార్సీ యను ఫ్రెంచి ఇంజనీరు 1856లో ప్రకటించెను. పిమ్మట ప్రతి ఖండమునకును జమాఖర్చు వ్రాయుదురు: వచ్చిన నీరెంత, పోయిన నీరెంత, నిలిచిన వేడి యెంత?

అంతమాత్రమున నమూనాను నమ్మరాదు. గడచిన సంవత్సరములలో బావులయందు కొలిచిన పీడనమును, ఉష్ణమును అది సరిగా చూపవలెను, చూపనిచో దిద్దవలెను. గతమును సరిగా చెప్పిన పిమ్మటనే భవిష్యత్తును గూర్చి దాని నడుగవలెను. ఆ దేశముననే వైరాకె యనుచోట 1958లో విద్యుత్కేంద్రము నెలకొల్పిరి. నీటిని విస్తారముగా తోడుటచే కాలక్రమమున నొకచోట నేల సుమారు 15 మీటర్లు క్రుంగెను. సమీపమునందలి చిమ్ముబుగ్గలు ఆగిపోయెను. అచ్చటి దీర్ఘకాలపు కొలతలే నమూనాకారులకు గొప్ప పరీక్షాపత్రమయ్యెను. నేడు ఇంజనీరింగు సలహా సంస్థలు ఇట్టి లెక్కలు ముందుగా వేసి, ఎన్ని బావులు త్రవ్వవచ్చునో, వాడిన నీటి నెచ్చట మరల భూమిలోనికి పంపవలెనో తెలుపుచున్నవి.

రొటోరువాలో 1982 మొదలు కొలతలు తీసికొని, 1986లో ప్రభుత్వము పొహుటునకు ఒకటిన్నర కిలోమీటరులోపలి బావులను మూయింప నాజ్ఞాపించెను. వెచ్చని యిల్లు పోగొట్టుకొనినవారికి అది కష్టమే. అయినను భూగర్భ పీడనము మరల హెచ్చెను, బుగ్గలు తేరుకొనెను.

విద్యార్థులారా, "నా బావి చిన్నది" యని ప్రతివాడును చెప్పిన మాట నిజమే. అన్ని బావులను కూడి చూచువా డొకడు లేకపోవుటయే లోపము. ఆ కూడికయే నమూనా చేయు పని.