అగ్నిపర్వత ద్వీపములు నేర్పు పాఠము

చదువవలసిన భాగములు: లూకా 13:1–5, సామెతలు 22:3



అట్లాంటిక్ మహాసముద్రమునకు పడమటి దిక్కున, కరిబియన్ సముద్రపు అంచున, కొన్ని ద్వీపములు వంపు తిరిగిన వరుసగా ఉన్నవి. అట్లాంటిక్ అడుగున ఉన్న రాతిపలక సంవత్సరమునకు సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున కరిబియన్ పలక క్రిందికి దిగుచున్నది. దానితో లోపలికి పోయిన నీరు భూగర్భమందలి వేడిరాతిని కరుగజేయును. ఆ కరిగిన రాయి పైకి వచ్చి పేరుకొనగా ఈ ద్వీపములలో అనేకము ఏర్పడినవి. కొండ రాల్చిన బూడిద కాలక్రమమున సారవంతమైన నేలయై అరటితోటలను పెంచుచున్నది. అయితే ఆ కొండయే కీడును కూడ చేయగలదు.

1902 మే 7న సెయింట్ విన్సెంట్ ద్వీపమందలి సూఫ్రియేర్ కొండ ప్రేలి సుమారు 1,600 మంది చనిపోయిరి. మరునాటి ఉదయము మార్టినిక్ ద్వీపమందు పెలే కొండనుండి మిక్కిలి వేడియైన వాయువును బూడిదయు మేఘమువలె దొర్లివచ్చి, కొద్ది నిమిషములలో సెయింట్ పియేర్ పట్టణమును నాశనము చేసెను. సుమారు 28,000 మంది మరణించిరి. అంతకుముందే బూడిద రాలెను, గంధకపు వాసన కొట్టెను. మే 5న బురద ప్రవాహము ఒక చక్కెర కర్మాగారమును కప్పివేసెను. అయినను అనేకులు పట్టణము విడువలేదు. పల్లెలవారు సహితము అక్కడికే వచ్చి చేరిరి.

వారు మనకంటె ఎక్కువ పాపులా? సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి చెప్పుచు, మన ప్రభువు అట్టి తలంపును త్రోసివేసి, వినుచున్నవారినే మారుమనస్సునకు పిలిచెను. గనుక చనిపోయినవారికి మనము తీర్పు తీర్చరాదు.

అదే సూఫ్రియేర్ 2020 డిసెంబరులో మరల మేల్కొనెను. వెస్టిండీస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దానిని కనిపెట్టి చూచుచుండిరి. 2021 ఏప్రిల్ 8న ప్రభుత్వము ఉత్తర్వు చేయగా, వేలాదిమంది ఇండ్లను తోటలను విడిచి వెళ్లిరి. మరునాటి ఉదయమే కొండ ప్రేలెను. పంటలు బూడిదపాలాయెను గాని, ఆ ప్రేలుడు దెబ్బకు ఒక్కరును చనిపోలేదు.

“విశ్వాసి పారిపోవుట ఏల?” అని కొందరందురు. హేరోదు చేతినుండి బిడ్డను తప్పించుటకు యోసేపు ఐగుప్తునకు పోయెను గదా! దేవుని మాటకు లోబడి నడచుటయే అతని విశ్వాసము. మన తీరమునకు తుపాను హెచ్చరిక వచ్చిన దినమున మనమును లేచి, నడువలేని పొరుగువారిని వెంటబెట్టుకొని పోవుదము.

ఆలోచించుడి:
1. ఆపదలో చిక్కిన పొరుగువారిని గూర్చి మనమేమి పలుకుచున్నాము?
2. హెచ్చరిక వచ్చినప్పుడు మన సంఘములో ఎవరికి తోడు కావలెను?